వినే బడి: గిడుగు వేంకట రామమూర్తి స్మారకోపన్యాసం

వెనక తల్లుల ఒళ్లో కూర్చున్న పిల్లలు మధ్యలో మాట్లాడితే దయచేసి ఎవరూ ఊరుకోబెట్టవద్దు. ఈ సాయంత్రం చెప్పుకోబోయేది వాళ్ల మాట గురించే.

గిడుగు వారి పేరు వినగానే తెలుగువారికి వ్యావహారిక భాషోద్యమం గుర్తుకొస్తుంది. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరి, 1940లో కన్నుమూసిన ఆ మహానుభావుడి జీవితంలో ఇంకో సగం ఉంది. సభల్లో దాని ప్రస్తావన తక్కువ. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల మాట ఆయన చెవిన పడింది. నేర్చుకుందామంటే చేతికందే పుస్తకం లేదు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకొని పాఠం చెప్పించుకున్నారు. ఊళ్లో అందరికీ పంతులైన మనిషి, చదువురాని వాళ్లని లోకం పక్కన పెట్టిన జాతి మనిషి ముందు శిష్యుడై కూర్చున్నారు.

ఆ మాటల కోసం కొండల్లో తిరిగితే జ్వరం పట్టుకుంది. జ్వరానికి వేసుకున్న క్వినైన్ చెవుల్ని దెబ్బతీసింది. ఒక జాతి మాట వినడానికి వెళ్లి తన వినికిడిని పోగొట్టుకున్నారు. అయినా పని ఆపలేదు. సవర పిల్లలు సవరలోనే చదువు మొదలుపెట్టాలని వాచకాలు, కథలు, పాటలు సిద్ధం చేశారు. సొంత డబ్బుతో బడులు నడిపారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే అది తనకు వద్దని, సవరల బడికి ఖర్చు పెట్టమని చెప్పారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి.

వాడుక తెలుగు కోసం చేసిన పోరాటం, సవర కోసం పడిన పాటు రెండు వేర్వేరు పనులుగా కనిపిస్తాయి. నిజానికి రెండూ ఒకటే. పిల్లవాడి నోట ఉన్న మాట బడి గడప బయట ఆగిపోకూడదు, అంతే. ఈ ఉపన్యాసం ఆ మాటనే బడికి ముందరి బడి దాకా, అంటే మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లల దాకా తీసుకుపోతుంది. ప్రతి బిడ్డలోనూ ఏదో ఒక బలం ఉంటుందని అందరం అంటాం. ఆ బలం ఏ భాషలో బయటపడుతుందో మాత్రం అడగం. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష ఉన్న బిడ్డను ఒక్క భాషలోనే చూసి అంచనా వేస్తే మనకు కనిపించేది సగం బిడ్డే.

1

సవరల సంప్రదాయ లెక్క పన్నెండు దగ్గర మలుపు తిరుగుతుంది. పదమూడంటే వాళ్లకు పన్నెండూ ఒకటి. పద్నాలుగంటే పన్నెండూ రెండు. అలా పందొమ్మిది దాకా పోయి, ఇరవైకి మళ్లీ కొత్త పేరు. ముప్పై రెండు కావాలంటే ఇరవై మీద పన్నెండు; ముప్పై మూడు కావాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ప్రపంచ భాషల్లో అరుదుగా కనిపించే ఈ లెక్క గురించి భాషాశాస్త్రవేత్తలు ప్రత్యేకంగా రాసుకుంటారు.

ఇప్పుడు ఈ లెక్క వినిపించే ఇంటి నుంచి ఒక నాలుగేళ్ల పిల్ల అంగన్‌వాడీకి వచ్చిందనుకుందాం. గోడ మీద పటంలో 13 ఉంది. టీచరు వేలు పెట్టి చూపి ‘పదమూడు’ అనమంటుంది. పిల్ల నోరు మెదపదు. ‘దీనికి అంకెలు రావు’ అని ఆ రోజుకు తేలిపోతుంది. అదే పిల్ల ఇంటి దగ్గర ఇప్పపూలు కుప్పలు పోస్తూ పన్నెండు మీద ఒకటి, పన్నెండు మీద రెండు అని లెక్కపెడుతూ ఉండవచ్చు. లెక్క పేరులోనే కూడిక ఉన్న భాష దానిది. అంకెలు రాకపోవడం కాదు అక్కడ జరిగింది. వచ్చిన అంకెలు వినేవాళ్లు లేకపోవడం.

సవర ముండా భాషల కుటుంబానిది, తెలుగు ద్రావిడ భాష. రెండింటికీ మధ్య ఉన్న దూరం ఒక యాసకూ ఇంకో యాసకూ ఉన్నంత కాదు. ‘కొంచెం తేడాగా మాట్లాడతారు, వాళ్లే సర్దుకుంటారు’ అనుకునే అధికారులు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు.

కొండ దాకా ఎందుకు? పట్నంలో ఇంగ్లీషు నర్సరీకి వెళ్లే మన తెలుగు బిడ్డనే చూద్దాం. ‘మనం వెళ్దాం’, ‘మేము వెళ్తాం’ అనే రెండు మాటల్లో ఎదుటి మనిషిని కలుపుకోవడం ఎక్కడో, కలుపుకోకపోవడం ఎక్కడో ఆ బిడ్డకు బడి ఈడు రాకముందే తెలుసు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. అమ్మ చెల్లెలు పిన్ని, అమ్మ అక్క పెద్దమ్మ, నాన్న అక్కచెల్లెళ్లు అత్తలు అని చుట్టరికాల్ని ఏ తప్పూ లేకుండా విడదీసి చెప్పగల బిడ్డ నర్సరీలో అందరినీ ‘ఆంటీ’ అంటుంది. ఇరవై దాటాక ‘ఇరవై ఒకటి’ అని పదుల్ని, ఒకట్లని పక్కపక్కన పెట్టి పలికే తెలుగు ఆ బిడ్డ నోట్లో ఉంది. మనుషుల్ని వర్గాలుగా విడదీయడం, లెక్క అమరికను పట్టుకోవడం చిన్న విద్యలేం కావు. అవి తెలుగులో ఉన్నాయి కాబట్టి నర్సరీ ప్రగతి పత్రంలోకి ఎక్కవు.

2

రెండో భాష బడిలో అడుగుపెట్టిన పిల్లలు చాలామంది కొన్నాళ్లు మాట్లాడరు. ముందు ఇంటి భాషలో మాట్లాడి చూస్తారు. ఎవరికీ అర్థం కావడం లేదని గ్రహించి ఆగిపోతారు. సైగలు చేస్తారు, చేయి పట్టి లాగుతారు, చూస్తారు, వింటారు. ఆ తర్వాత ఒకటి రెండు పడికట్టు మాటలు, ఆ తర్వాతే సొంత వాక్యాలు. అమెరికాలో పాటన్ టేబర్స్ అనే పరిశోధకురాలు ఒక నర్సరీలో పిల్లల పక్కన కూర్చుని ఈ దశల్ని గమనించి, 1997లో పుస్తకంగా రాశారు. ఆ మౌనంలో పిల్లలు ఖాళీగా ఉండరని, భాషను పోగుచేసుకుంటూ ఉంటారని ఆమె పరిశీలన.

మన దగ్గర ఈ మౌనానికి పెట్టే పేర్లు అందరికీ తెలుసు. మొద్దు, బెరుకు, మందకొడి. డైరీలో తల్లికి ఒక చీటీ వస్తుంది: ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి. తల్లి భయపడి, తనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో బిడ్డను పలకరించడం మొదలుపెడుతుంది. నిద్రపుచ్చే పాట ఆగిపోతుంది. కథ ఆగిపోతుంది. ‘ఎందుకు?’ అన్న ప్రశ్నకు అమ్మ చెప్పే పొడవాటి జవాబు ‘నో’, ‘కమ్’, ‘ఈట్’ దగ్గరికి కుంచించుకుపోతుంది. ఈ సభలో ఉన్న తల్లులకు చేతులు జోడించి చెప్పేదొక్కటే: ఆ చీటీ వస్తే పాటించకండి. తనకు బాగా వచ్చిన భాషలో మాట్లాడే అమ్మకంటే మంచి బడి ఆ ఈడు బిడ్డకు ఇంకొకటి లేదు.

మాటలు తక్కువగా ఉన్నాయన్న భయం ఎంతవరకు నిజం? అమెరికాలోని మయామీలో స్పానిష్, ఇంగ్లీషు రెండూ వింటూ పెరిగే పసిపిల్లల మాటల్ని బార్బరా పియర్సన్ బృందం లెక్కపెట్టి 1993లో ప్రకటించింది. ఒక్క భాషలోని మాటల్నే లెక్కిస్తే వాళ్లు వెనకబడినట్టు కనిపించవచ్చు. రెండు భాషలూ కలిపి లెక్కిస్తే ఒకే భాష పిల్లలకంటే నెమ్మదిగా ఉన్నారని చెప్పడానికి ఆధారం దొరకలేదు. తక్కెడలో ఒక పళ్లెమే చూసి తూకం చెప్పడం మన బడుల్లో రోజూ జరుగుతున్న పని.

3

మాట లేనప్పుడు కూడా బలం కనిపిస్తుంది, చూసే ఏర్పాటు ఉంటే.

1984లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు హోవర్డ్ గార్డ్‌నర్, డేవిడ్ ఫెల్డ్‌మన్ కలిసి స్పెక్ట్రమ్ అనే ప్రయత్నం మొదలుపెట్టారు. టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన శిశు పాఠశాలలో నాలుగేళ్ల పిల్లల ముందు ప్రశ్నపత్రాలకు బదులు వస్తువులు పెట్టారు: విప్పి బిగించే పనిముట్లు, వాయించే గంటలు, కథ అల్లుకునే బొమ్మలు, నీళ్లలో వేసి చూసే వస్తువులు, తరగతి గదికి నకలుగా కట్టిన చిన్న గది బొమ్మ. ఎవరు దేని దగ్గర ఎంతసేపు నిలబడుతున్నారు, చేతులు ఎలా కదులుతున్నాయి, ఎవరు ఎవరికి సాయం చేస్తున్నారు అని చూసి రాసుకున్నారు.

తర్వాత ఆ పద్ధతినే చదువులో వెనకబడ్డ ఒకటో తరగతి పిల్లల దగ్గరికి తీసుకెళ్లారు. అక్షరాల దగ్గర పూర్తిగా తడబడే ఒక ఆరేళ్ల అబ్బాయి, ఇక అదే తరగతిలో ఉంచేయాల్సిందే అనుకుంటున్నవాడు, పిండి రుబ్బే మర లాంటి పరికరాన్ని విప్పి మళ్లీ బిగించేశాడు. టీచరుకు ఆశ్చర్యం. తరగతిలో పనిముట్ల కోసం ఒక మూల ఏర్పాటు చేసింది. అక్కడ మిగతా పిల్లలకు నేర్పేది ఆ అబ్బాయే. తన చేతికి ఒక విద్య ఉందని తెలిసిన పిల్లవాడు, రాని విద్య దగ్గరికి వేరే నడకతో వెళ్తాడు.

ఇక్కడ శ్రోతలకు ఒక మాట. గార్డ్‌నర్ చెప్పిన బహుళ ప్రజ్ఞల సిద్ధాంతాన్ని, అంటే తెలివి పలు రకాలన్న మాటను, చాలామంది మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. తగిన రుజువులు లేవన్నారు. ఆ వాదం వాళ్లది. కానీ ఆ సిద్ధాంతాన్ని పట్టుకొని ‘ఈ పాప సంగీతం రకం, ఈ బాబు లెక్కల రకం’ అని మూడేళ్లకే ముద్ర వేసే వ్యాపారం మన పట్నాల్లో నడుస్తోంది, అది తప్పు. ముద్ర వేయడమంటే తలుపు మూయడమే. స్పెక్ట్రమ్ నుంచి తీసుకోవాల్సింది చూసే అలవాటు. ఇవాళ మట్టి దగ్గర కూర్చున్న బిడ్డ వచ్చే నెల పాట దగ్గర కూర్చోవచ్చు. టీచరు రాసుకునే పుస్తకం కూడా ఆ బిడ్డతోపాటు కదలాలి.

మనకు ఇందుకు విదేశీ పెట్టెలు కొనక్కర్లేదు. చింతగింజలతో వామనగుంటలు ఆడే పిల్ల ఏ గుంటలో పంచడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో ముందే చూసుకుంటుంది. అచ్చనగాయలు ఆడే చేతికి కంటితో పొత్తు ఉంటుంది. గుజ్జనగూళ్లలో ఎవరికి ఎంత వడ్డించాలో తగవు తీర్చే పిల్లలో పెద్దరికం కనిపిస్తుంది. వీటిలో దేనికీ తెలుగు గానీ ఇంగ్లీషు గానీ ముందే వచ్చి ఉండాల్సిన పని లేదు. సవర పిల్ల, తెలుగు పిల్ల ఒకే గుంటల పలక ముందు కూర్చుంటే మొదట ఆట నడుస్తుంది, ఆ వెనక మాట వస్తుంది.

4

‘అంగన్‌వాడీ’ అనే మాట ఎక్కడిదో మనం మరిచిపోయాం. గుజరాత్‌లో శిశు విద్యావేత్త గిజుభాయి బధేకా దగ్గర పని చేసిన తారాబాయి మోడక్, 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామంలో శిశు విద్యాకేంద్రం పెట్టారు. పేద పిల్లలు కేంద్రానికి రావడం లేదు. పిల్లలు రాకపోతే బడే పిల్లల దగ్గరికి పోవాలని ఇళ్ల ముందు ముంగిట్లోనే బడి నడిపారు. అంగన్ అంటే ముంగిలి. పేరు అలా వచ్చింది.

1957లో తారాబాయి, ఆమె సహచరి అనుతాయి వాఘ్ కలిసి వార్లీ ఆదివాసుల మధ్యకు, కోస్బాడ్ కొండ మీదికి వెళ్లారు. మాంటిస్సోరీ బడుల్లోని ఖరీదైన కొయ్య సామాను అక్కడ ఎవరికి అందుతుంది? గవ్వలు, గింజలు, ఆకులు, రాళ్లు, మట్టి, ఇవే సామాను అయ్యాయి. పశువుల వెంట వెళ్లే పిల్లల కోసం పచ్చిక బయళ్లలోనే పాఠం నడిచింది. ఆ పిల్లలకు ఆకుల పేర్లు తెలుసు, పిట్టల గూళ్లు తెలుసు, పశువు నడక చూసి దాని జబ్బు చెప్పగలరు. నాలుగ్గోడల మధ్య మరాఠీ వాచకం ముందు కూర్చోబెడితే వాళ్లకేమీ రాదు. పచ్చికలో కూర్చుంటే టీచరుకే నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైనప్పుడు ఆ ముంగిలి బడి పేరు దేశమంతా పాకింది. పేరుతోపాటు ఆ పద్ధతి కూడా వచ్చి ఉంటే బాగుండేది. గుడ్లు, పాలు, బరువు తూచడం, టీకాల లెక్క, అన్నీ ప్రాణావసరాలే. ఆ పనులు చేసే టీచర్లకు ఈ సమాజం రుణపడి ఉంది. కానీ ముంగిట్లో వినిపించే భాష, ముంగిట్లో ఆడే ఆట బడిలోకి రావాలన్న అసలు ఆలోచన దారిలో జారిపోయింది.

5

ఈ జారిపోయినదాన్ని పట్టుకున్న దేశం ఒకటుంది, న్యూజిలాండ్. అక్కడి మూలవాసులు మావోరీలు. తమ భాష మనవల నోట వినబడడం లేదని గ్రహించిన పెద్దలు 1982లో వెల్లింగ్టన్ దగ్గర వైనుయోమాటాలో మొదటి కోహంగా రేయో తెరిచారు. ఆ పేరుకు భాషా గూడు అని అర్థం. పంతులమ్మలు ఎక్కువగా అమ్మమ్మలు, నాయనమ్మలే. పసిపిల్లలు ఆ గూట్లో మావోరీలోనే తిని, ఆడి, నిద్రపోయారు. భాష బతికించాలన్న ఆరాటంతో మొదలైన ఆ పని దేశంలోని శిశు విద్యనంతా కదిలించింది. 1996లో వచ్చిన జాతీయ శిశు విద్యా ప్రణాళిక మావోరీ, ఇంగ్లీషు రెండు భాషల్లో, రెండు సంస్కృతుల్ని దృష్టిలో పెట్టుకొని తయారైంది. దాని పేరు తే ఫారికి. నేసిన చాప. అందరూ కూర్చోగలిగే చాప. ఒక్కో బడి తన పోగులతో నేసుకోగలిగే చాప.

దాన్ని తయారు చేసినవారిలో ఒకరైన మార్గరెట్ కార్, పిల్లల్ని అంచనా వేసే తీరును మార్చారు. ఏం రాదో టిక్కులు పెట్టే పట్టికల్ని పక్కన పెట్టి, బిడ్డ ఏం చేస్తోందో చిన్న కథగా రాయమన్నారు. దేని మీద మనసు పడింది? ఎంతసేపు మునిగిపోయింది? కష్టమొచ్చినప్పుడు ఏం చేసింది? తన ఆలోచనను ఎలా చెప్పింది, మాటతోనా, బొమ్మతోనా, చేతితోనా? పక్కవాళ్ల బాధ్యత ఎలా తీసుకుంది? ఈ ఐదు ప్రశ్నల చుట్టూ నాలుగు పేరాలు. తరచు ఆ కథను బిడ్డనే పలకరిస్తూ రాస్తారు. ఇంటికి పంపుతారు. అమ్మానాన్నలు తమ భాషలో తమ మాట చేర్చి పంపుతారు.

అంగన్‌వాడీ టీచర్లకు ఇది ఇంకో రిజిస్టరు బరువు అవుతుందన్న భయం న్యాయమైనదే. ఇప్పటికే పేజీలు, ఫోను యాపులు చాలా ఉన్నాయి. రోజుకు అందరి గురించీ రాయనక్కర్లేదు. రోజుకు ఒక బిడ్డ, నాలుగు వరుసలు చాలు. పాతికమంది ఉన్న కేంద్రంలో నెల తిరిగేసరికి అందరి వంతూ వస్తుంది. రాయడం కుదరని రోజు బిడ్డను తీసుకెళ్లడానికి వచ్చిన అవ్వతో ‘ఇవాళ మీ మనవరాలు ఇది చేసింది’ అని ఒక్క మాట చెప్పినా అది కూడా లెక్కే.

6

రెండు భాషల బడి ఎలా నడవాలి? చాలాచోట్ల జరిగేది ఒకటే: టీచరు ప్రతి వాక్యం తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెబుతుంది. పిల్లలు తెలివైనవాళ్లు. తమ భాష వచ్చేదాకా ఆగి, రెండోది వినడం మానేస్తారు. ఇంతకంటే మేలైన దారి, భాషకొక మనిషి గానీ భాషకొక వేళ గానీ ఉండడం. ఉదయం కథ, మాటామంతీ ఇంటి భాషలో. చేతులు కడుక్కునేటప్పుడు, వరుసగా నిలబడేటప్పుడు, బంతి విసిరేటప్పుడు, అంటే చేసే పనిని బట్టే అర్థం తెలిసిపోయే చోట్ల, కొత్త భాష. రోజూ అదే వేళకు అవే మాటలు వినపడితే పిల్లలు వాటిని పట్టేస్తారు. సవర, కోయ, గోండి ఇళ్ల మధ్య ఉన్న కేంద్రంలో టీచరుకు ఆ భాష రాకపోతే ఆయమ్మకు వస్తుంది. ఆయమ్మ చేతిలో గరిటె ఒక్కటే పెట్టకుండా కథ చెప్పే పీట కూడా వేయాలి. ఆ ఊరి తాతను వారానికొకసారి పిలిచి బుట్ట అల్లించాలి.

ఇంగ్లీషు వద్దా అని ఎవరైనా అడుగుతారు. కావాలి. కూలికి వెళ్లే తండ్రి తన బిడ్డకు ఇంగ్లీషు రావాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఆ కోరిక వెనక ఆయన జీవితమంతా ఉంది. వాదం ఇంగ్లీషు మీద కాదు. బిడ్డకు ఉన్న భాషను తీసేసి కొత్తది పెట్టడం మీద. షోలాపూర్, భీవండిల్లో మగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన తెలుగు పద్మశాలీల పిల్లలు ఇంట్లో తెలుగు, బయట మరాఠీ మాట్లాడుతూ పెరిగారు. అమెరికాలో మన మనవలు ఇంట్లో తెలుగు విని ఇంగ్లీషులో జవాబు చెబుతున్నారు. వాళ్లకు తెలుగు రాదని తేల్చేయకండి. విని అర్థం చేసుకోవడం కూడా భాష రావడమే.

ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో ప్రాథమిక బడులకు తెలుగు లిపిలో వాచకాలు తయారుచేసి ప్రయోగం మొదలుపెట్టారు. గిడుగు వారు వేసిన బాటే అది. ఒడిశాలో 2006 తర్వాత సవరతో సహా పది ఆదివాసీ భాషల్లో ఇలాంటి ప్రయత్నమే జరిగింది. రెండూ మంచి పనులే. కానీ రెండూ ఒకటో తరగతి దగ్గర మొదలయ్యాయి. అంతకు ముందు మూడేళ్లు ఆ బిడ్డలు అంగన్‌వాడీలో ఏ భాష విన్నారు?

2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశగా చూసింది. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం ఇంటి భాషలోనే చదువు మొదలవ్వాలంది. ఈ ఈడు పిల్లలకు పరీక్షలు తగవని, గమనించి అంచనా వేయాలని చెప్పింది. కాగితం మీద గిడుగు వారు గెలిచారు. సవరలుండే సీతంపేట కొండల మీద గెలిచారో లేదో అక్కడి నాలుగేళ్ల పిల్ల నోరు విప్పితే తెలుస్తుంది.

అందుకని ఈ సభలోని టీచర్లకు, తల్లులకు, అధికారులకు ఒక విన్నపం. రేపు మీ కేంద్రంలోనో, మీ ఇంట్లోనో, ఇప్పటిదాకా సరిగా మాట్లాడని ఒక బిడ్డను ఎంచుకోండి. పక్కన కూర్చోండి. పావుగంట ఏమీ నేర్పకండి, ఏమీ అడగకండి. ఆ బిడ్డ ఏం చేసిందో, ఏ మాట అందో, ఆ మాటను ఆ బిడ్డ భాషలోనే రాసిపెట్టుకోండి. ఆ మాట మీకు అర్థం కాకపోతే దాని అర్థం చెప్పగల మనిషి ఊళ్లో ఎవరున్నారో వెతకండి. గిడుగు వారు పర్లాకిమిడిలో తన ఇంట్లో మొదలుపెట్టిన పని అదే.